నీలం మూత

కొందరికి కోపం ముక్కు మీద ఉంటుందంటారు. ఆవిడ విషయంలో అది అబద్ధం. ముక్కు మీదే ఉండుంటే ఎప్పుడో ఒక తుమ్ముకి రాలిపోయేది. ఆవిడకి కోపం అరికాలి నుంచి నడినెత్తి దాకా ఉంది. ఆవిడ నడిపే లాండ్రీలో పనిచేసే పదకొండు మంది ఆడవాళ్ళు చాటుమాటుగా ఆవిడకి పెట్టుకున్న పేరు ఇస్త్రీపెట్టె. ఆ పేరు ఆవిడ చెవిన పడ్డ రోజున అందరూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డారు. ఆవిడ మాత్రం "వేడి లేకుండా ముడతలు పోతాయా ఎక్కడైనా?" అని అడిగి తన దారిన తాను వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఆ పేరు బాహాటమైపోయింది.

అయితే బండి కొన్న రోజున వచ్చిన కోపం మాత్రం న్యాయమైనది. ఎవరికైనా వస్తుంది.

ఆ కుటుంబానికి అంతవరకూ చక్రాలున్న ఆస్తి ఏదైనా ఉందంటే తడిబట్టలు తోసుకెళ్ళే ట్రాలీలే. ఇస్త్రీపెట్టె ఏళ్ళ తరబడి కూడబెట్టింది. నలభై రెండేళ్ళ వయసులో స్టీరింగు పట్టడం నేర్చుకుంది. పరీక్షలో ఒకసారి తప్పి రెండోసారి నెగ్గింది. అప్పుడు కొనుక్కుంది, తెల్లటి డీజిల్ పికప్. బాయిలర్ని వదిలి కదలడానికి వీల్లేక మొగుడు రాలేదు. తోడుగా మామగారిని వెంటబెట్టుకుని షోరూంకి వెళ్ళింది. అక్కడ సేల్స్‌మన్ నవ్వుతూ ఎదురొచ్చి, ఆవిడని దాటుకుని వెళ్ళి, డెబ్భై ఏళ్ళ మామగారి చేతిలో తాళం పెట్టి "కంగ్రాట్స్ సార్" అన్నాడు. జన్మలో సైకిలు కూడా తొక్కి ఎరగని ఆ పెద్దమనిషి సిగ్గుపడుతూ రెండు చేతులా అందుకున్నాడు.

"కొన్నదెవరు?" అని అడిగింది ఆవిడ.

"మీరే మేడమ్."

"నడిపేదెవరు?"

సేల్స్‌మన్ మళ్ళీ మామగారి వైపే చూశాడు.

"నేను. సంతకం నాది, లైసెన్సు నాది, బండి నాది. మరి తాళం ఆయన చేతికెందుకిచ్చావు?"

సేల్స్‌మన్ "హహహ" అని ఒక ఖాళీ నవ్వు నవ్వి, మరీ బుద్ధిలేనివాడిలా మళ్ళీ మామగారికే బండి చూపించడం మొదలుపెట్టాడు. "సార్, ఇదిగో ఈ నల్ల మూత డీజిల్‌కి. దీని పక్కనే నీలం మూత ఉంది చూడండి, ఇందులో మాత్రం నీలం డబ్బాలో వచ్చే..."

"ఇదంతా బుక్కులో ఉంటుందా?"

"ఉంటుంది మేడమ్, కానీ..."

"చాలు. నాకు చదువొచ్చు."

మామగారి చేతిలోంచి తాళం తీసుకుని, ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టి, బండి బయటికి తీసింది. సేల్స్‌మన్ సగం మాట నోట్లో పెట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. వాడికి అలాగే జరగాలి. నా మాట కూడా అదే. కాకపోతే నోట్లో మిగిలిపోయిన ఆ సగం తరవాత ఎవరి కొంప ముంచిందో చెప్పాలి కదా, అందుకే ఈ కథ.

ఆ సాయంత్రం ఆవిడ బుక్కు ముందేసుకుని అట్ట నుంచి అట్ట దాకా చదివింది. నీలం మూతలో పొయ్యాల్సింది యూరియా కలిపిన నీళ్ళు. డీజిల్ పొగలోని విషాన్ని అవి విరిచేస్తాయి. పెట్రోల్ బంకుల్లో దొరుకుతాయి. అవి తప్ప ఇంకో చుక్క పడకూడదు. ఇదంతా ఆవిడ బుర్రకెక్కించుకుంది. ఇంకెవరికీ చెప్పలేదు. నడిపేది తనే అయినప్పుడు ఇంకొకరికి చెప్పడం దేనికి?

ఇంతకీ బండి కొనాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, ఆస్పత్రి వల్ల. ఆ లాండ్రీకి ఉన్న ఒకే ఒక్క పెద్ద ఖాతా అది. ఊరికి అటు చివర, పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. పొద్దున్న ఏడు గంటలకి నర్సులు డ్యూటీ మారేలోపు ఉతికిన దుప్పట్లు అక్కడ దిగాలి. లేకపోతే రోగులు మాసిన దుప్పట్ల మీదే పడుకోవాలి. అప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. రెండోసారి స్టోర్ కీపర్ గొంతు కూడా పెంచకుండా, "మూడోసారైతే మీరు రానక్కర్లేదమ్మా. కాగితం దానంతటదే వస్తుంది" అన్నాడు. ఆ కాగితం వస్తే బాయిలర్ చల్లారిపోతుంది. పదకొండు మంది ఇళ్ళల్లో పొయ్యిలు కూడా.

ఆ రెండు ఆలస్యాలకీ కారకుడు అద్దె వ్యాన్ డ్రైవరు. ఫోన్ చేస్తే ఎక్కడున్నా సరే "ఇదిగో వచ్చేశా" అంటాడు. పళ్ళు తోముకుంటూ కూడా అంటాడు. అందుకని వాడి పేరే ఇదిగోవచ్చేశా అయి కూర్చుంది. సొంత బండి ఇంటికొచ్చిన రోజున ఆవిడ పనిగట్టుకుని వాణ్ణి పిలిపించింది. అందరి ముందూ, "ఇక నీ వ్యాన్ మా గేటు ముందు కనబడిందంటే నాలుగు టైర్లకీ గాలి తీయిస్తా" అంది. వాడు అద్దం తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆవిడకి కడుపు చల్లబడింది.

ఇప్పుడు ఆ లాండ్రీ పద్ధతి ఒకటి చెప్పాలి. మూడేళ్ళ క్రితం ఒకామె పొరపాటున బ్లీచింగ్ నీళ్ళు తీసుకెళ్ళి డాక్టర్ల ఆకుపచ్చ బట్టల మిషన్లో పోసేసింది. బట్టలన్నీ మచ్చలు మచ్చలై, బొల్లి పట్టినట్టు బయటికొచ్చాయి. ఎందుకలా చేశావంటే డబ్బా మీద చదివానంది. చదవడం సరిగ్గా రాదు. ఇంకొకామెని అడిగానంది. ఆ ఇంకొకామెకి అసలే తెలీదు. అలా అయివుంటుందని ఆలోచించానంది. ఇస్త్రీపెట్టె అగ్గి మీద గుగ్గిలమై, మర్నాడే రంగు డబ్బాలు తెప్పించింది. బ్లీచింగ్‌కి ఎర్రమూత డబ్బా. సబ్బునీళ్ళకి పసుపు మూత. బట్టలు మెత్తబడి మల్లెపూల వాసన రావడానికి ఆఖర్న వేసే వాసన మందుకి నీలం మూత. మిషన్ల నోళ్ళ చుట్టూ అవే రంగుల్లో సున్నాలు గీయించింది. గోడ మీద మూరెడేసి అక్షరాలతో రాయించింది:

చదవొద్దు. అడగొద్దు. ఆలోచించొద్దు. రంగు చూసి పొయ్యండి.

ఆ గోడ అందరికన్నా మామగారికి ఎక్కువ మేలు చేసింది. బండరాయి మీద బట్టలు బాది ఆ లాండ్రీని నిలబెట్టిన మనిషి ఆయన. మిషన్లొచ్చాక, అక్షరం ముక్క రాక, తన కొట్లో తనే దిక్కులు చూస్తూ కూర్చునేవాడు. రంగులొచ్చాక మళ్ళీ లేచి నిలబడ్డాడు. సాయంత్రం పని అయ్యాక ఏ మిషన్లో ఏది తగ్గిందో చూసి అంచుదాకా నింపడం ఆయన బాధ్యత. మూడేళ్ళలో ఒక్క తప్పు లేదు. "మా మామయ్యని చూసి నేర్చుకోండి" అని ఇస్త్రీపెట్టె ఎన్నిసార్లు అందో లెక్కలేదు. అన్నప్పుడల్లా ఆయన గోడ వైపు తిరిగి లేని పని చేసుకునేవాడు.

బండిని తెచ్చి షెడ్డులో మిషన్ల వరసలోనే నిలిపింది ఆవిడ. అందర్నీ పిలిచి, "ఇది కూడా మన మిషనే. దీనికీ మన పద్ధతే. పొద్దున్న నేనెక్కేసరికి శుభ్రంగా, అన్నీ నిండుగా ఉండాలి" అని చెప్పింది. అద్దం తుడిచే నీళ్ళు, టైర్లలో గాలి, అంతవరకే ఆవిడ ఉద్దేశం. ఉద్దేశాలు గోడ మీద రాసి ఉండవు కదా.

తొమ్మిది రోజులు రాజభోగమే. ఎత్తుగా ఉన్న సీట్లో కూర్చుని, అద్దంలోంచి ఊరినంతా కిందికి చూస్తూ, ఏడుకి ఇరవై నిమిషాల ముందే ఆస్పత్రి గేట్లో దిగేది. స్టోర్ కీపర్ ఇంకా రాకపోతే ఆవిడే గడియారం చూసుకుని "ఏంటండీ ఆలస్యం?" అనేది. ఒకసారి అవసరం లేకపోయినా హారన్ కొట్టింది. తొమ్మిదో రోజున ఎదురు బోర్డు మీద చిన్న పసుపు లైటు వెలిగింది. సాయంత్రం బండి దిగుతూ, "నీలం మూతది తగ్గింది, రేపు చూడాలి" అని పైకే అనుకుంది. పక్కనే తుడుస్తున్న మామగారు విన్నాడు.

పదో రోజు పొద్దున్న ఆరుకి పది నిమిషాలు. దుప్పట్ల మూటలు కట్టి, లెక్క చూసి, వెనక సర్దేశారు. ఇస్త్రీపెట్టె బండెక్కి తలుపేసుకుంది. లోపలంతా మల్లెపూల వాసన. మూటల వాసనే అనుకుంది. తాళం పెట్టింది. ఇంకా తిప్పలేదు. మామగారు వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. మొహంలో వెలుగు.

"అమ్మా, నీలం మూత కూడా నింపేశా. అంచుదాకా."

"దేంతో?"

"దేంతో ఏంటమ్మా? నీలం డబ్బాతోనే."

ఆవిడ చెయ్యి తాళం మీద అలాగే ఉండిపోయింది. మెల్లిగా, పాము మీంచి తీసినట్టు తీసింది. షోరూం వాళ్ళ అత్యవసర నంబరుకి ఫోన్ చేసి, ఎత్తిన మెకానిక్‌కి జరిగింది చెప్పింది.

"మేడమ్, తాళం తిప్పారా?"

"లేదు."

"తిప్పకండి. దయచేసి తిప్పకండి. తిప్పనంత వరకూ అదంతా ట్యాంకులోనే ఉంటుంది, విప్పి కడిగేస్తాం. తిప్పారో, పంపు లాగేస్తుంది. పంపు, పైపులు, సైలెన్సర్ దాకా అన్నీ మార్చాలి. పోసింది మీరే కాబట్టి వారంటీ కూడా రాదు."

"ఎప్పటికొస్తారు?"

"తొమ్మిదికి."

తిప్పితే బండి పోతుంది. తిప్పకపోతే ఆస్పత్రి పోతుంది. ఆవిడ తాళం పెరికి బండి దిగింది. దిగిన మనిషిని చూసి ట్రాలీ పట్టుకున్న ఆడవాళ్ళు నాలుగడుగులు వెనక్కి వేశారు. ఆవిడ ఆ తాళాన్ని మామగారి కాళ్ళ దగ్గర విసిరి కొట్టింది.

"మీరే నడుపుకోండి! షోరూంలో కూడా మీకే ఇచ్చాడుగా! బండికీ బట్టలకీ తేడా తెలీదా మామయ్యా? బండి ఏం తాగుతుందో తెలీనప్పుడు చెయ్యి పెట్టడమెందుకు? పదేళ్ళు కడుపు మాడ్చుకుని కొన్నానే, పది రోజులు ముచ్చట తీరనిచ్చారా? వాసన మందు పోస్తారా దాంట్లో! మెత్తబడుతుందనుకున్నారా? మీకు కళ్ళు లేవా? పోనీ, ఒక్క మాట అడగడానికి నోరు లేదా?"

ఆ ఆఖరి మాటకి పదకొండు మంది తలలూ ఒక్కసారిగా గోడ వైపు తిరిగాయి. ఎవరూ తిరగమని చెప్పలేదు. మామగారు గోడ వైపు చూడలేదు. చూసినా ఆయనకి అక్షరాలు రావు. వంగి తాళం తీసుకుని, తుడిచి, పాఠం అప్పజెప్పినట్టుగా అన్నాడు.

"చదవొద్దు. అడగొద్దు. ఆలోచించొద్దు. రంగు చూసి పొయ్యాలి."

దెప్పిపొడవడానికి అనలేదు ఆయన. అదే వచ్చిన చిక్కు. దెప్పిపొడిచి ఉంటే నాలుగు రెట్లు తిరిగి అరిచేది. ఇప్పుడు కోపం గొంతు దాకా వచ్చి, బయటికి పోయే దారి లేక, లోపలే సలసల కాగింది.

బాయిలర్ గదిలోంచి మొగుడు వచ్చాడు. నోట్లో నాలుక లేని మనిషి. "ఇంత పొద్దున్నే దొరికే బండి ఊళ్ళో ఒక్కటే ఉంది" అన్నాడు, అని మళ్ళీ బాయిలర్ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆవిడ పళ్ళు పటపట కొరుకుతూ ఫోన్ తీసింది.

"నేను. ఆస్పత్రికి వెళ్ళాలి. ఇప్పుడే."

"ఇదిగో వచ్చేశా మేడమ్" అన్నాడు అవతలివాడు.

ఆడవాళ్ళు పెదాలు కొరుక్కున్నారు. పళ్ళు తోముకుంటున్నాడేమో అని ఎవరో గొణిగారు. కానీ పదమూడో నిమిషంలో వ్యాన్ వచ్చింది. లోపలికి రాలేదు. గేటుకి అవతలే ఆగి, వాడు తల బయట పెట్టాడు.

"మేడమ్, ముందు గాలి తీయిస్తారా, ముందు మూటలెక్కిస్తారా?"

"గాలి తరవాత తీయిస్తా. లోపలికి రా!"

మూటలన్నీ ఈ బండిలోంచి ఆ బండిలోకి మారాయి. పదకొండు మందీ చేతులేశారు. మామగారు కూడా వెయ్యబోతే "మీరు ముట్టుకోకండి" అంది ఆవిడ. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని పక్కకి తప్పుకున్నాడు.

వ్యాన్ దారి పట్టింది. ఇస్త్రీపెట్టె పక్క సీట్లో, చినిగిన రెగ్జిన్ మీద కూర్చుంది. ఎవరి మీద కోప్పడాలో వెతుక్కుంటూ, దగ్గర్లో ఉన్నవాణ్ణే పట్టుకుంది.

"ఇవాళ వేళకి రావడం వచ్చిందే నీకు! ఆ రెండుసార్లూ ఏమయింది? నువ్వు సరిగ్గా వచ్చుంటే నేనీ బండే కొనేదాన్ని కాదు."

"మొదటిసారి నా తప్పే మేడమ్. పడుకుండిపోయా." వాడు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "రెండోసారి వేళకే వెళ్ళా. గేటు దగ్గరే ఉన్నా."

"ఏ గేటు?"

"ముందు గేటు. ఆ వారమే వెనక గేటుకి మార్చారంట, నాకు తెలీదు. తాళం వేసుంటే మీకు ఫోన్ చేశా. 'మేడమ్, ఏ గేటు' అన్నానో లేదో, 'ప్రశ్నలు మాని పని చూడు' అని పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. గేటు తీస్తారేమోనని అక్కడే కూర్చున్నా."

ఆవిడకి గుర్తుంది. ఆ పొద్దున్న ఇస్త్రీ రోలర్‌లో దుప్పటి ఇరుక్కుంది. ఫోన్ మోగింది. ఏదో అని పెట్టేసింది. ఏమందో మాత్రం ఇప్పుడే వింటోంది.

"ఆ రోజే చెప్పొచ్చుగా?"

"చెప్పనిస్తేగా మేడమ్" అన్నాడు వాడు గేరు మారుస్తూ.

ఆస్పత్రి వెనక గేటు దగ్గర వ్యాన్ ఆగేసరికి ఏడుకి నాలుగు నిమిషాలు. స్టోర్ కీపర్ గడియారం చూశాడు, మూటలు చూశాడు, వ్యాన్ చూశాడు.

"సొంత బండి కొన్నారుగా? ఏమయింది?"

ఇదిగోవచ్చేశా చెవులు రిక్కించాడు. ఆ చెవిలో పడిందంటే సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది.

"పాడయింది. నేనే పాడు చేశా" అంది ఆవిడ. "సంతకం పెట్టండి, నాకు పనుంది."

తిరిగొచ్చేసరికి ఎనిమిది కావస్తోంది. పికప్ ఎక్కడిదక్కడే ఉంది. దాని ముందు బోర్లించిన బకెట్ మీద మామగారు కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి గుప్పిట బిగించి ఒళ్ళో పెట్టుకున్నాడు. బాయిలర్ గది గుమ్మంలోంచి మొగుడు చెప్పాడు. "నువ్వెళ్ళినప్పట్నుంచీ అక్కణ్ణుంచి కదల్లేదు. టీ కూడా ముట్టలేదు. ఆ తాళం ఇవ్వమంటే నాకూ ఇవ్వలేదు."

"ఎవరైనా తెలీక తిప్పేస్తారేమోనని" అన్నాడు మామగారు, నేల చూస్తూ.

ఇస్త్రీపెట్టె కోపం పోయిందనుకుంటున్నారేమో. పోలేదు. అంత తేలిగ్గా పోయే రకం కాదని ముందే చెప్పాను. పైగా ఇప్పుడది సరైన చిరునామా దొరికి అక్కడికే వెళుతోంది. కాలర్లు రుద్దే ఇనప బ్రష్ ఒకటి చేతికి తీసుకుని, గోడ దగ్గరికి విసవిసా నడిచింది. రెండో మాట మీద పెట్టి గీకడం మొదలుపెట్టింది. ఎర్రరంగు, సున్నం, పెచ్చులు పెచ్చులుగా కాళ్ళ మీద రాలాయి. ఆడవాళ్ళు ట్రాలీలు వదిలేసి చూస్తున్నారు. మిషన్లు మాత్రం తమ పాటికి తాము తిరుగుతున్నాయి.

మామగారు లేచి వచ్చి వెనక నిలబడ్డాడు. గోడ మీద ఏం పోతోందో ఆయనకి తెలీదు.

"ఏది చెరిపేస్తున్నావమ్మా?"

"అడగొద్దు అన్నది." ఆవిడ చెయ్యి ఆపలేదు. "పొద్దున్న నేనలా అని ఉండకూడదు మామయ్యా. తప్పు నాది. తప్పు నాదైతే ఇంకా మండుతుంది నాకు, అదొకటి."

మామగారు ఇంకో అడుగు దగ్గరికి వచ్చాడు.

"అయితే ఒకటి అడగనా?"

"అడగండి."

"నిన్న పోసేటప్పుడు నాకొక అనుమానం వచ్చిందమ్మా. బండికి పూల వాసనతో ఏం పని అని. అంత ఖరీదైన బండి కదా, అడుగుదామని నీ గది దాకా వచ్చా కూడా." ఆయన గుప్పిట విప్పి, చెమటకి తడిసిన తాళాన్ని ఆవిడ చేతిలో పెట్టాడు. "గుమ్మం దాకా వచ్చి, ఇలా ఆలోచించకూడదు కదా అని వెనక్కి వెళ్ళిపోయా."

ఆవిడ తాళం కొంగున ముడేసుకుంది. బ్రష్ మళ్ళీ గోడకి ఆనించి, మూడో మాట కూడా గీకడం మొదలుపెట్టింది.